బొమ్మ విమానాల ఊరు

జపాను దేశంలో షిజుఓకా అనే పట్టణం ఉన్నది. టోక్యో నుంచి పడమరగా, సముద్రపు ఒడ్డు వెంబడి పోయే రైలు ఎక్కితే సుమారు 180 కిలోమీటర్లు. షింకన్‌సెన్ అనే వేగపు రైళ్ళు ఈ దూరాన్ని గంట, గంటన్నరలో దాటేస్తాయి. మీరు ఎప్పుడైనా ఆ రైలు ఎక్కితే కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. మబ్బు లేని రోజైతే ఫ్యూజీ పర్వతం కనిపిస్తుంది. చలికాలంలో అది నెత్తిన తెల్లని మంచు కుళ్ళాయి పెట్టుకుని, చాలాసేపు మీ రైలుతో పాటే నడిచి వస్తున్నట్టుంటుంది.

షిజుఓకాకు తేయాకు వల్ల ఒక పేరూ, కమలాపళ్ళ వల్ల ఒక పేరూ ఉన్నాయి. కాని ప్రపంచంలో చాలామంది పిల్లలకు, వాళ్ళ తండ్రులకు కూడా, ఆ ఊరు తెలిసింది మూడో కారణం వల్ల. ఓడలు, కార్లు, విమానాలు మొదలైన వాటికి ప్లాస్టిక్ నమూనాలు తయారుచేసే పెద్ద కంపెనీలు అనేకం ఆ ఊళ్ళోనూ, చుట్టుపక్కలా ఉన్నాయి.

ఊళ్ళో నడుస్తూ ఉంటే ఒకచోట మీకు విచిత్రమైన తపాలా పెట్టె కనబడుతుంది. దాని భాగాలన్నీ విడివిడిగా ఒక పెద్ద చట్రానికి అంటుకుని ఉంటాయి. ఏ రాక్షసుడి కొడుకో ఆడుకోవడానికి కొనుక్కుని, ఇంకా అతికించకుండా వదిలేసిన నమూనా లాగా ఉంటుంది. 2021 నుంచి ఇలాంటివి ఊళ్ళో అక్కడక్కడా నిలబెట్టారు. "ఇది నమూనాల ఊరు సుమా!" అని వచ్చిన వాళ్ళకు చెప్పడానికే ఈ ఏర్పాటు.

ఇన్ని కంపెనీలు ఈ ఊళ్ళోనే ఎందుకు పుట్టాయి? దీనికి జవాబు కావాలంటే ఊరికి ఉత్తరాన ఉన్న షిజుహత అనే కొండ దగ్గరికి పోవాలి. ఆ కొండ పాదాన సెంగెన్ అనే పాత దేవాలయం ఉన్నది. దాన్ని పెద్దగా కట్టినప్పుడు మంచి వడ్రంగులూ, చెక్కడం పనివాళ్ళూ, లక్క పూసేవాళ్ళూ దేశం నలుమూలల నుంచీ వచ్చారనీ, పని పూర్తి అయినాక చాలామంది ఇక్కడే కాపురం పెట్టారనీ ఆ ఊరివాళ్ళు చెబుతారు. వాళ్ళ వెనక వచ్చిన తరాలవాళ్ళు కొయ్యతో పెట్టెలు, బీరువాలు, చెప్పులు, బొమ్మల పండుగకు కావలసిన చిట్టి సామానూ చేస్తూ వచ్చారు. చిన్న వస్తువును చక్కగా చేసే నేర్పు ఆ ఊళ్ళో అలా పాతుకుపోయింది.

విమానాలు వచ్చిన తరువాత ఆ నేర్పు బొమ్మ విమానాల మీదికి మళ్ళింది. ఆఓషిమా కంపెనీ 1924లోనే మొదలై కొయ్య విమానాలు చేసింది. హాసెగావా కంపెనీ 1941లో మొదలయింది. తరువాత యుద్ధం ముదిరింది. 1945 జూన్ 19 రాత్రి అమెరికా వారి బి-29 బాంబరు విమానాలు షిజుఓకా మీద నిప్పులు కురిపించాయి. తెల్లవారేసరికి ఊళ్ళో చాలా భాగం బూడిద అయింది. దాదాపు 2,000 మంది చనిపోయారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. చివరకు మనం మళ్ళీ షిజుహత కొండకు వస్తాం.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడే, అంటే 1946లో, తమియా అనే కలప వ్యాపారం ఆ ఊళ్ళో మొదలయింది. కొద్ది కాలానికే ఆ కంపెనీ కూడా కొయ్య నమూనాలు చేయసాగింది. 1960లో యమాటో అనే యుద్ధ నౌకను ప్లాస్టిక్కుతో చేసి అమ్మింది. అప్పటి నుంచి కొయ్య వెనకబడి, ప్లాస్టిక్కు ముందుకు వచ్చింది.

ప్లాస్టిక్ నమూనాను ఎలా చేస్తారో తెలుసా? ముందు రెండు భాగాల ఉక్కు అచ్చు తయారు చేస్తారు. లోపల విమానం రెక్కలూ, తోకా, చక్రాలూ పట్టేటంత ఖాళీ మాత్రమే ఉంటుంది. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్కును వేడిచేసి కరిగించి, మన ఇళ్ళలో జంతికల గొట్టంలో పిండిని ఒత్తినట్టు, గొప్ప ఒత్తిడితో ఆ అచ్చులోకి ఒత్తుతారు. అది చల్లబడగానే అచ్చు తెరుస్తారు. ముక్కలన్నీ ఒక చట్రానికి కాయల్లాగా వేలాడుతూ బయటికి వస్తాయి. వాటిని కత్తిరించి, అతికించి, రంగు వేసుకోవలసిన పని మనది.

ఇక షిజుఓకా నుంచి మామూలు రైలు ఎక్కి కొంచెం పడమరగా పోదాం. పావుగంటలో యైజు అనే రేవు పట్టణం వస్తుంది. అక్కడ పెద్ద పెద్ద చేపలు పట్టి తెస్తారు. హాసెగావా కంపెనీ ఉన్నది ఆ ఊళ్ళోనే. ఈ కంపెనీ నిజమైన విమానాల నమూనాలు చాలా చేసింది. కాని ఇవాళ మనం చేయబోయేది నిజంగా లేని విమానం.

1982లో జపాను టెలివిజనులో "మాక్రాస్" అనే బొమ్మల కథ వచ్చింది. అందులో వాల్కిరీ అనే యుద్ధ విమానం ఉన్నది. అది ఆకాశంలోనూ, అంతరిక్షంలోనూ కూడా ఎగురుతుంది. కావాలంటే కాళ్ళూ చేతులూ చాచి మరమనిషి అయిపోతుంది! దీన్ని ఊహించి గీసిన ఆయన షోజీ కవమోరి. అయితే ఆయన పూర్తిగా శూన్యంలో నుంచి దాన్ని ఊహించలేదు. అమెరికా నౌకాదళానికి ఎఫ్-14 టామ్‌క్యాట్ అనే విమానం ఉండేది. అది 1970లో మొదటిసారి ఎగిరింది, 2006లో నౌకాదళం నుంచి విరమించుకున్నది. దానికి రెండు ఇంజన్లూ, రెండు నిలువు తోకలూ, అవసరాన్ని బట్టి వెనక్కు ముడుచుకునే రెక్కలూ ఉండేవి. వాల్కిరీకి కూడా అవన్నీ ఉన్నాయి. అంచేతనే దాన్ని చూడగానే, "ఇలాంటిది నిజంగా ఉండవచ్చు" అనిపిస్తుంది.

హాసెగావా వారి వాల్కిరీ నమూనాలలో ఒకటి 1/72 కొలతది. అంటే అసలు విమానంలో 72 సెంటీమీటర్లు బొమ్మలో 1 సెంటీమీటరు అన్నమాట. కథలో వాల్కిరీ పొడవు 14.23 మీటర్లు. దాన్ని 72తో భాగించి చూడండి. సుమారు 20 సెంటీమీటర్లు వస్తుంది. మీ చేతి స్కేలు కన్న కాస్త పెద్దది, అంతే.

పెట్టె తెరుద్దాం. ముక్కలను చిన్న కటింగ్ ప్లయరుతో కత్తిరించి, మిగిలిన పొక్కులను ఆకురాయితోనూ, గరుకు కాగితంతోనూ నున్నగా చేయాలి. కత్తి వాడవలసి వస్తే పెద్దవాళ్ళను పిలవండి. ప్లాస్టిక్ నమూనాలకు వాడే జిగురు మామూలు బంక వంటిది కాదు. అది రెండు ముక్కల అంచులనూ కాస్త కరిగిస్తుంది. కరిగిన అంచులు ఒకదానిలో ఒకటి కలిసి ఒకే ముక్క అయిపోతాయి. దాని వాసన మంచిది కాదు కనక కిటికీలు తెరిచి ఉంచండి. రంగుల విషయం కూడా అంతే.

విమానం తయారయింది. దీనికి పెట్టెమీద బొమ్మలో ఉన్న రంగులే వేయాలని ఏమీ లేదు. ఇది మీ విమానం. కాని రంగు డబ్బా మూత తీసే ముందు మీకు మీరు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఈ విమానం ఎక్కడ ఉంటుంది? ఎడారిలోనా, సముద్రంలో ఓడమీదనా, మంచు దేశంలోనా? ఎన్నాళ్ళ నుంచి ఎగురుతున్నది? దాన్ని నడిపేది ఎవరు? బాగుచేసేది ఎవరు? ఎడారి అయితే ఇసుక రంగు, సముద్రమైతే బూడిద రంగు వాటంతట అవే వచ్చేస్తాయి. దళం గుర్తును మీరే గీసుకోవచ్చు. పైలట్ కూర్చునే చోటి కింద ఆయన పేరు చిన్న అక్షరాలతో రాయవచ్చు. అమెరికా నౌకాదళంలో పైలట్ పేరుతో పాటు, ఆ విమానాన్ని రోజూ సిద్ధంచేసే పనివాడి పేరు కూడా విమానం మీద రాసే ఆచారం ఉన్నది. ఇది చాలా మంచి ఆచారం. మీ విమానానికి కూడా ఇద్దరి పేర్లూ రాయండి.

రంగు ఆరింది. విమానం తళతళ మెరిసిపోతున్నది. కాని ఏదో వెలితిగా ఉన్నది. అది ఇంకా బొమ్మలాగే ఉన్నది. ఎందుకంటే ఎక్కడికీ వెళ్ళిరాని వస్తువు మాత్రమే అంత కొత్తగా ఉంటుంది. ఎండకు ఎండి, వానకు తడిసిన వస్తువు అలా ఉండదు. నమూనాలు చేసేవాళ్ళు బొమ్మకు ఆ ఎండా, వానా తగిలినట్టు చేస్తారు. దీన్ని వాళ్ళు వెదరింగ్ అంటారు.

వెదరింగ్ అంటే మురికి పూయడం కాదు. ఇది తెలుసుకోవాలంటే లేచి మీ సైకిలు దగ్గరికి పోయి చూడండి. పెడలు మీద రంగు ఎక్కడ పోయింది? మీ పాదం ఆనే చోట. హాండిలు మీద ఎక్కడ పోయింది? మీ చెయ్యి పట్టే చోట. గోడకు ఆనించే వైపున గీతలు ఉంటాయి, రెండో వైపున అన్ని ఉండవు. బురద చక్రం చిమ్మిన చోటనే ఉంటుంది, సీటు మీద ఉండదు. చూశారా? ప్రతి గుర్తుకూ ఒక కారణం ఉన్నది. కారణం లేని గుర్తు ఒక్కటీ లేదు. బొమ్మమీద కూడా కారణం చెప్పగలిగిన గుర్తులే వేయాలి.

మొదట విమానం ఒంటిమీద రేకులు కలిసే సన్నని గాడులు చూసుకోండి. ముదురు గోధుమ రంగును బాగా పలచగా చేసి, కుంచె కొనతో ఒక గాడికి తాకించండి. అది గాడి వెంట తనంతట తానే పరుగెత్తుతుంది. దీపపు వత్తిలో నూనె పైకి పాకడానికి ఏది కారణమో, ఇందుకూ అదే కారణం. చుట్టుపక్కల అంటిన రంగును గుడ్డతో తుడిచేస్తే గాడిలో మాత్రం నిలుస్తుంది. ఒక్కసారిగా ఆ బొమ్మకు రేకులూ, తలుపులూ, మూతలూ వచ్చినట్టవుతుంది.

తరువాత రంగు పెచ్చులు. చిన్న స్పాంజి ముక్కను పట్టకారుతో పట్టుకుని, వెండి రంగులో ముంచి, ముందు కాగితం మీద అద్ది, రంగు దాదాపు అయిపోయాక విమానం మీద మెల్లగా అద్దాలి. ఎక్కడ? రెక్కల ముందు అంచుల మీద, తరచు తెరిచే మూతల చుట్టూ, మనుషులు అడుగుపెట్టే చోట. మొదటిసారి చేసేవాళ్ళంతా ఒకటే తప్పు చేస్తారు: చేస్తున్నకొద్దీ సరదా పుట్టి, ఒళ్ళంతా అద్దేస్తారు. మన లెక్క మరచిపోకండి. బొమ్మమీద 1 మిల్లీమీటరు చుక్క అసలు విమానం మీద 72 మిల్లీమీటర్లు, అంటే 7 సెంటీమీటర్ల పైచిలుకు గాయం. బొమ్మమీద గోరంత మచ్చ అసలు విమానం మీద తలుపంత!

కొందరు యుద్ధ విమానం మీద ఎర్రని తుప్పు కూడా వేస్తారు. మీ వంటింట్లో అల్యూమినియం గిన్నెకు ఎప్పుడైనా ఎర్ర తుప్పు పట్టిందా? ఎర్ర తుప్పు పట్టేది ఇనుముకు. విమానాల ఒళ్ళు చాలావరకు అల్యూమినియం కలిసిన లోహం. దానిమీద రంగు పోతే కింద బూడిద తెలుపు కనబడుతుంది. సముద్రపు ఉప్పు గాలిలో ఉండే విమానాలకు ఆ లోహం కూడా చెడకుండా రంగు పోయినచోటల్లా మళ్ళీ పూస్తారు. అంచేత వాటి ఒంటిమీద ఒకే రంగులో కొత్తవీ, పాతవీ అతుకులు కనిపిస్తాయి. మీ బొమ్మమీద ఇలాంటి అతుకులు నాలుగు వేస్తే, పేరు రాసిన ఆ పనివాడు నిజంగా ఉన్నట్టే అనిపిస్తుంది.

నూనె కారిన చారలు ఎటు పోతాయి? ఎగిరే విమానం మీద గాలి ముందు నుంచి వెనక్కు పోతుంది కనక చారలు కూడా వెనక్కే పోతాయి. ఇంజను గొట్టాల దగ్గర మసి ఉంటుంది. నల్లని సుద్దముక్కను గరుకు కాగితం మీద అరగదీసి, ఆ పొడిని మెత్తని కుంచెతో అద్దితే మసి లాగానే ఉంటుంది.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. వాల్కిరీ అంతరిక్షంలో కూడా ఎగురుతుంది గదా? అక్కడ గాలి లేదు, వాన లేదు. మరి దానిమీద ఏ గుర్తులు ఉండాలి? గాలి లేదు కనక అక్కడ పుట్టిన చారలు ఉండవు. తేమ లేదు కనక తుప్పు ఉండదు. కాని ఎండ ఉన్నది. దాన్ని ఆపే గాలి పొర లేదు కనక రంగు త్వరగా వెలిసిపోతుంది. ఇంకొకటి కూడా ఉన్నది. 1983లో చాలెంజరు అనే అంతరిక్ష నౌక తిరిగి వచ్చినప్పుడు దాని కిటికీ అద్దం మీద చిన్న గుంట కనిపించింది. పరీక్ష చేసి చూస్తే ఆవగింజ కన్న చిన్నదైన రంగు పెచ్చు ఒకటి తగిలిందని తేలింది! భూమికి దగ్గరగా తిరిగే వస్తువులు సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతాయి. ఆ వేగంతో రంగు పెచ్చు కూడా రాయిలాగా తగులుతుంది.

డిస్కవరీ అనే మరో అంతరిక్ష నౌక 39 సార్లు వెళ్ళి వచ్చింది. 2012 నుంచి అది అమెరికాలో, వాషింగ్టను దగ్గర ఒక మ్యూజియంలో ఉన్నది. దాన్ని కడిగి, కొత్త రంగు పూసి పెట్టలేదు. తిరిగి భూమి గాలిలోకి దిగేటప్పుడు తగిలిన వేడికి పలకల మీద ఏర్పడిన చారలు అలాగే ఉన్నాయి. చూడవచ్చినవాళ్ళు ఆ చారలను చూడవచ్చు. వాల్కిరీకి గుర్తులు వేసేవాళ్ళకు ఇంతకన్న మంచి పాఠం లేదు.

ఏటా మే నెలలో షిజుఓకాలో నమూనాల ప్రదర్శన జరుగుతుంది. కంపెనీలవాళ్ళే కాక, ఊరూరి నుంచీ నమూనాలు చేసే సంఘాలవాళ్ళు తమ బొమ్మలు తెచ్చి బల్లలమీద పెడతారు. తాతలూ, మనమలూ పక్కపక్కన నిలబడి వంగి చూస్తారు. బాగా తెలిసినవాళ్ళు బొమ్మను పుస్తకం లాగా చదువుతారు. "ఇది ఓడమీద ఉండేది. ఈ మూత ఎక్కువసార్లు తెరిచారు. పైలట్ ఎడమవైపు నుంచి ఎక్కుతాడు" అని చెప్పేస్తారు.

ఇంత నేర్చుకున్నాక మీకు ఇంకొకటి కూడా చేయాలనిపించవచ్చు. యుద్ధ విమానం గదా, రెక్కలో తూట్లు పొడిచి, పక్కన కాలిన మసి పూస్తే ఎంత గొప్పగా ఉంటుంది! నల్ల రంగు సీసా మూత తీసే ముందు, మాట ఇచ్చిన ప్రకారం, మనం షిజుహత కొండకు పోదాం.

సెంగెన్ దేవాలయం వెనకగా మెట్లెక్కి పైకి పోతే ఊరంతా కనిపిస్తుంది. అక్కడ ఆ జూన్ రాత్రి చనిపోయిన ఊరివాళ్ళ జ్ఞాపకార్థం ఒక కట్టడం ఉన్నది. దాని దగ్గరనే ఇంకొక రాయి ఉన్నది. అది బాంబులు వేసినవాళ్ళది! ఆ రాత్రి రెండు బి-29 విమానాలు ఆకాశంలో ఒకదానితో ఒకటి ఢీకొని కూలిపోయాయి. వాటిలో ఉన్న 23 మంది అమెరికన్లూ చనిపోయారు. ఫుకుమత్సు ఇతో అనే ఆ ఊరాయన వాళ్ళ దేహాలను కూడా తన ఊరివాళ్ళ దేహాలతో సమానంగా, మర్యాదగా పూడ్చిపెట్టించాడు. ఇళ్ళూ, అయినవాళ్ళూ పోయి దుఃఖంలో ఉన్న మనుషుల మధ్య ఆ పని చేయడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించండి.

కూలిన విమానంలో ఆయనకు ఒక మంచినీళ్ళ సీసా దొరికింది. సిపాయిలు నడుముకు కట్టుకునే లోహపు సీసా అది. కాలి నల్లబడిపోయింది, నొక్కుకుపోయింది. దాన్ని ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు చేతి గుర్తు దానిమీద ఉన్నదని చెబుతారు. ఇతో దాన్ని పారెయ్యలేదు. ఎన్నో సంవత్సరాలుగా జూన్ నెలలో జపాను వారూ, అమెరికా వారూ కలిసి కొండమీద చేరి, ఇరువైపుల చనిపోయిన వారినీ తలుచుకునేటప్పుడు ఆ సీసాను తెస్తూ వచ్చారు. దాన్ని ఎవరూ రుద్ది మెరిసేటట్టు చేయలేదు.

ఆ నలుపుకు కూడా కారణం ఉన్నది. అది ఏమిటో ఇప్పుడు మీకు తెలుసు. ఆ ఊళ్ళో కాలిన గుర్తు అలంకారం కాదు.

ఇక బల్ల దగ్గరికి తిరిగి వెళదాం. మీ బొమ్మమీద మసి పూయకూడదని నేను అనను. కాని పూసే ముందు, ఆ గుర్తు పడినప్పుడు లోపల ఎవరున్నారో, కింద ఎవరున్నారో ఒక్కసారి అనుకోండి. మీరు పేర్లు రాసిన ఆ ఇద్దరినీ తలుచుకోండి. అప్పుడు మీ చెయ్యి ఎక్కడ ఆగాలో దానికే తెలుస్తుంది.

ఒక గుర్తు మటుకు మరచిపోకుండా వేయండి. పైలట్ ఎక్కి దిగేచోట, బూట్లు ఆనే మేర, రంగు కొంచెం అరగదీయండి. ఒకసారి ఎక్కి దిగితే రంగు అరగదు. వందసార్లు వెళ్ళి, వందసార్లూ క్షేమంగా తిరిగివచ్చిన విమానానికే అక్కడ అరుగుతుంది. చూసినవాళ్ళకు మీ వాల్కిరీ చెప్పవలసిన మాట అదే.